ఆనాడు బండి తోసిన మిత్రులకు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ తమ్ముళ్లు అడిగినప్పుడు, పోటీ పరీక్షలకు ఎలా చదవాలో రాద్దామని కూర్చున్నాను. రెండు పేజీలు అయ్యేసరికి నాకే నిద్ర వచ్చింది. అలాంటి సలహాలు మీకు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. అందుకే దాన్ని పక్కన పెట్టి, చాలా ఏళ్లుగా మనసులో ఉండిపోయిన ఒక సంగతి రాస్తున్నాను. ఇందులో మీలో కొందరికి నేను చెప్పుకోవలసిన క్షమాపణ ఉంది.

2016లో నేను మర్రిగూడలో మన హాస్టల్‌లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్నాను. ఒక ఆదివారం మా నాయిన నన్ను చూడడానికి వచ్చాడు. టిఫిన్ డబ్బాలో కోడికూర, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు తెచ్చాడు. వచ్చింది మా తెల్ల మారుతి కారులో. కారు అనగానే మీరు గొప్పగా ఊహించుకోవద్దు. వెనుక సీటు తీసేసి అక్కడ కూరగాయల గంపలు పెట్టేవాళ్లం. ఒక డోరుకు తాడు కట్టి ఉండేది. రెండు వైపులా లారీకి పెట్టేంత పెద్ద అద్దాలు ఉండేవి.

నాయిన వెళ్లేటప్పుడు కారు స్టార్ట్ కాలేదు. తాళంచెవి తిప్పితే "టక్" అని ఒక్క చప్పుడు, అంతే. వార్డెన్ సారు పిల్లలను పిలిచారు. ఇరవై మందికి పైగా పరుగెత్తుకొచ్చి "జోర్ లగాకే హైసా" అంటూ కారును గేటు దాకా తోశారు. అందరికీ అది పండుగలాగా ఉంది. నేను మాత్రం ఆ గుంపులో లేను. నీళ్ల ట్యాంకు వెనుక నిలబడి, కారు పొగ వదిలి వెళ్లిపోయేదాకా బయటికి రాలేదు. ఆ రాత్రి కొత్తగా చేరిన ఒక తమ్ముడు "ఆ కారాయన ఎవరన్నా?" అని అడిగాడు. "మా ఊరాయన" అన్నాను. మా నాయిన అనలేదు. కోడికూర మాత్రం తిన్నాను.

ఆ కారు సంగతి కొంచెం చెప్పాలి. మారుతి 800 మొదటి కారు తాళంచెవిని 1983 డిసెంబర్ 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ హర్పాల్ సింగ్ అనే ఆయనకు అందించారు. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. మా కారు 1998 మోడల్. నంబర్ ప్లేటు మీద ఇప్పటికీ ఏపీ 24 అనే ఉంటుంది. అది నల్లగొండ జిల్లా పాత నంబరు. మా కళ్లముందే ఆ నంబరు టీఎస్ 05 అయింది, 2024లో టీజీ 05 అయింది. మా కారు మాత్రం ఏపీ దగ్గరే ఆగిపోయింది.

నాయిన చదువు నాలుగో తరగతి. చిన్నప్పుడు జీపు మీద క్లీనరుగా చేరి డ్రైవరు అయ్యాడు. 2013లో ఉన్నదంతా ఊడ్చి ఈ కారు కొన్నాడు. అప్పటి నుంచి అమ్మా నాయినా అంగళ్లలో కూరగాయలు, ఎండుమిరపకాయలు అమ్ముతున్నారు. ఒకరోజు మాల్, ఒకరోజు చండూరు, ఒకరోజు మర్రిగూడ. తెల్లవారుజామున కారు కదిలితేనే ఆ రోజు మా ఇంట్లో పొయ్యి మీదికి బియ్యం వచ్చేది. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. నల్లగొండ నాగార్జున ప్రభుత్వ కళాశాలలో బి.ఎస్సీ., ఆ తర్వాత ఉస్మానియాలో ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం చదివాను. దాని ఖర్చు స్కాలర్‌షిప్పు కొంత, మిరపకాయల గంపలు కొంత మోశాయి.

పెద్ద అద్దాలు ఎందుకో మర్రిగూడ వాళ్లకు చెప్పక్కరలేదు. బయటి ఊళ్ల నుంచి వచ్చిన తమ్ముళ్ల కోసం చెబుతున్నాను. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మన మండలంలో బోర్లు, చేదబావులు ఆ గీతను ఎన్నడో దాటేశాయి. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు వస్తాయి, తర్వాత కీళ్లు, వెన్నుపూస బిగుసుకుపోతాయి. ఫ్లోరైడ్ తీసేయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం వాడి తయారు చేసిన పద్ధతికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు. మన జిల్లా పేరు ప్రపంచంలోని శాస్త్ర పుస్తకాలకు అలా ఎక్కింది. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఆ తర్వాత మన పల్లెలకు కృష్ణా నీళ్లు వచ్చాయి. ఇప్పటి పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయంటే సంతోషమే. కానీ నీళ్లు మారినంత మాత్రాన మా నాయిన ఎముకలు వెనక్కి మారవు. ఆయన మెడ పూర్తిగా తిరగదు. నడుము వంగదు. పిడికిలి గట్టిగా బిగియదు. వెనక్కి తిరిగి చూడలేడు కాబట్టి అద్దాల్లో చూస్తాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. 2025 సంక్రాంతి సెలవులకు నేను ఇంటికి వెళ్లేసరికి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడడం లేదు. రెండు నెలలుగా కారు సతాయిస్తోంది. పొద్దున తాళంచెవి తిప్పితే ఒకసారి సెల్ఫ్ కొడుతుంది, పదిసార్లు కొట్టదు. అంతకంటే భయం, నడుస్తుండగానే గుంతలో పడితే ఇంజన్ చల్లగా ఆగిపోతోంది. ఒక రాత్రి అంగడి నుంచి వస్తుంటే అలాగే డ్యాష్ బోర్డు మీది దీపాలన్నీ ఆరిపోయి కారు రోడ్డు మధ్యలో ఆగిందట. వెనుక వచ్చే లారీ డ్రైవరు గట్టిగా బ్రేకు కొట్టబట్టి బతికామని అమ్మ చెప్పింది. ఒక మెకానిక్ బ్యాటరీ పోయిందన్నాడు. మార్పించారు. మరో మెకానిక్ సెల్ఫ్ మోటార్ పోయిందన్నాడు. బాగు చేయించారు. ఐదు వేలకు పైగా అయింది. రోగం అలాగే ఉంది.

"పాత ఇనుప సామాన్లాయన ఇరవై వేలిస్తనంటుండు. అమ్మేద్దాం. ఉన్న పానాలు ఉంటే చాలు" అంది అమ్మ.

నాయిన ఏమీ అనలేదు. అమ్మేస్తే తర్వాత ఏం చేస్తాడు? నడుము వంగనివాడు కూలికి పోలేడు. మరొకరి బండి మీద డ్రైవరుగా పెట్టుకోరు. నా చదువు అయిపోవడానికి ఇంకా నాలుగైదు నెలలు ఉంది. ఈ లెక్క ముగ్గురికీ తెలుసు, ఎవరమూ బయటికి అనడం లేదు.

"నేను చూస్తాను నాయినా" అన్నాను. ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం చదువుతున్నవాణ్ణి, కారులో ఒక స్విచ్ నాకెంత అనే ధీమా. కోఠిలో కొన్న డిజిటల్ మల్టీమీటర్ నా సంచిలోనే ఉంది.

ముందు బ్యాటరీ చూశాను. 12.6 వోల్టులు. బాగుంది. సెల్ఫ్ మోటార్ మీద సొలినాయిడ్ ఉంటుంది. తాళంచెవి తిప్పినప్పుడు స్విచ్ నుంచి ఒక సన్న వైరు ద్వారా దానికి కరెంటు అందితే, అది బ్యాటరీ నుంచి వచ్చే లావు కేబుల్‌ను మోటార్‌కు కలుపుతుంది. ఆ సన్న వైరు ఊడదీసి, దాని కొనకు మీటర్ పెట్టి, నాయినను తాళంచెవి తిప్పమన్నాను. 12.4 వోల్టులు చూపించింది. నేను లేచి చేతులు దులుపుకొని, "స్విచ్ బాగానే ఉంది. కరెంటు వస్తోంది. సెల్ఫ్ మోటారే మళ్లీ పోయింది" అని తీర్పు చెప్పేశాను.

నాయిన కాసేపు ఆలోచించి "మోటర్‌కు సక్కగ బ్యాటరీ నుంచే ఇచ్చి సూడు" అన్నాడు. బండి న్యూట్రల్‌లో ఉందా, హ్యాండ్ బ్రేకు వేసి ఉందా అని రెండుసార్లు అడిగాకే ఇవ్వనిచ్చాడు. బ్యాటరీ నుంచి ఒక వైరు తెచ్చి సొలినాయిడ్‌కు ముట్టించాను. సెల్ఫ్ గిర్రున తిరిగింది. అంటే మోటార్‌కు ఏ రోగమూ లేదు. మరి వైరులో 12.4 వోల్టులు వస్తుంటే ఎందుకు తిరగడం లేదు? నాకు అర్థం కాలేదు.

"నీ మిషిన్ పక్కన పెట్టు బిడ్డా. బల్బు పెట్టి సూడు" అన్నాడు నాయిన.

సీటు కింద నుంచి ఒక వస్తువు తీశాడు. పాత ఇండికేటర్ బల్బు, 21 వాట్లది. దానికి రెండు వైర్లు అతికించి ఉన్నాయి. జీపు మీద పనిచేసే రోజుల్లో ఒక ఎలక్ట్రీషియన్ దగ్గర నేర్చుకుని చేసుకున్న టెస్ట్ ల్యాంప్ అది. ఒక కొన ఎర్త్‌కు, ఒక కొన ఆ సన్న వైరుకు పెట్టాను. నాయిన తాళంచెవి తిప్పాడు. బల్బు వెలగలేదు. లోపలి తీగ చల్లారుతున్న నిప్పు కణికలాగా ఎర్రగా కనిపించింది, అంతే. బల్బు అలాగే ఉంచి పక్కనే మీటర్ పెట్టాను. 4 వోల్టులు!

అప్పుడు నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మన పదో తరగతి పుస్తకంలో ఉన్న ఓమ్ నియమమే ఇది. మీటర్‌కు లోపల నిరోధం మెగా ఓమ్‌లలో ఉంటుంది. అది దాదాపు ఏమీ కరెంటు తీసుకోదు. కరెంటు పారకపోతే, మధ్యలో ఎంత చెడ్డ జాయింటు ఉన్నా అక్కడ వోల్టేజి పడిపోదు. అందుకే మీటర్‌కు అంతా బాగానే కనిపించింది. బల్బు కరెంటు లాగగానే చెడ్డచోటు 8 వోల్టులు మింగేసింది. సొలినాయిడ్ అయితే బల్బు కంటే చాలా ఎక్కువ లాగుతుంది. దాని దాకా ఏం చేరుతుంది? ఓమ్ నియమం నేను పరీక్షల్లో ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. మా నాయిన ఆ పేరు కూడా వినలేదు. "ఊకె ఉన్నప్పుడు అన్ని మంచిగనే కనబడతయి. లోడ్ పడ్డప్పుడే తెలుస్తది" అన్నాడు.

చెడ్డచోటు స్విచ్ లోపలా, వైరులోనా అన్నది ఇంకా తేలాలి. దానికి డ్యాష్ బోర్డు కింద తలపెట్టి, వెల్లకిలా పడుకొని, పైకి చూస్తూ పనిచేయాలి. అది మా నాయిన శరీరంతో కాదు. నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. రెండు నెలలుగా ఆయనకు రోగం ఎక్కడుందో అనుమానం ఉంది. కానీ అక్కడికి తన తల చేరదు. మెకానిక్‌లకు చెబితే వినలేదు. తల చేరగల కొడుకు హైదరాబాద్‌లో ఉన్నాడు. ఆ కొడుకు ఫోన్ చేసినప్పుడు "బండి ఎట్లున్నది నాయినా" అని ఒక్కసారీ అడగలేదు.

నేను లోపల పడుకున్నాను. ఆయన బయట డోరు పట్టుకొని నిలబడి చెబుతున్నాడు. స్టీరింగ్ కింది మూత స్క్రూలు విప్పాను. తాళంచెవి దూరే గొట్టం వేరు, దాని వెనుక కరెంటు కలిపే స్విచ్ వేరు అని అప్పుడే తెలిసింది. కప్లర్ వెనుక నుంచి బల్బు కొన పెట్టి చూశాను. బ్యాటరీ నుంచి స్విచ్‌లోకి వచ్చే వైరు దగ్గర బల్బు కళ్లు చెదిరేలా వెలిగింది. తాళంచెవి తిప్పినప్పుడు స్విచ్ నుంచి బయటికి పోయే వైరు దగ్గర అదే ఎర్రటి కణిక. అంటే దొంగ మధ్యలోనే ఉన్నాడు. ఇంజన్‌కు పోయే వైరు దగ్గర బల్బు వెలిగింది గానీ, తాళంచెవిని కొంచెం కదిలిస్తే ఆరి వెలుగుతోంది. గుంతల్లో ఇంజన్ ఎందుకు ఆగుతోందో కూడా తేలిపోయింది.

ఉత్సాహంతో వెంటనే స్విచ్ విప్పబోయాను. స్క్రూడ్రైవర్ ఎక్కడో తగిలి "ఫట్" మని మెరుపు వచ్చింది. "ముందు బ్యాటరీ నెగటివ్ తియ్యాలె గదరా! గింత సదువు సదివి..." అని నాయిన అరిచాడు. ఇంట్లో నుంచి అమ్మ కూడా పరుగెత్తుకొచ్చింది. ఫ్యూజు ఒకటి పోయింది, అంతటితో సరిపోయింది. తమ్ముళ్లూ, వైరింగ్ ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ తీయాలన్నది ఈ వ్యాసంలో నేను ఇచ్చే ఒకే ఒక్క సాంకేతిక సలహా.

విప్పిన స్విచ్‌ను వాకిట్లో గోనెసంచి మీద పెట్టి తెరిచాం. లోపల పాత గ్రీజు నల్లటి జిగురులాగా గట్టిపడి ఉంది. ఇత్తడి కాంటాక్టులు కాలి గుంతలు పడ్డాయి. ఇరవై ఆరేళ్లు, రోజుకు ఎన్నిసార్లు తిప్పి ఉంటారో! దానికి తోడు నాయిన పిడికిలి బిగియదు కాబట్టి రెండు చేతులతో బలంగా తిప్పేవాడు. "ఎమిరీ పేపర్‌తో గీకితే నెల దినాలు నడుస్తది. కొత్తదే ఎయ్యాలె" అన్నాడు. మరునాడు నేను హైదరాబాద్ వెళ్లి, రాణిగంజ్‌లో పాత స్విచ్ చూపించి అలాంటిదే కొత్తది తెచ్చాను. దానితోపాటు ఒక రిలే, ఫ్యూజు కూడా తెచ్చాను. అన్నీ కలిపి వెయ్యి దాటలేదు.

రిలే నా ఆలోచన. మా కారులో సొలినాయిడ్ లాగే కరెంటు అంతా తాళంచెవి స్విచ్ గుండానే పోతోంది. అందుకే కాంటాక్టులు కాలాయి. మధ్యలో రిలే పెడితే, స్విచ్ ఆ రిలేను లేపడానికి సరిపడా కొద్ది కరెంటు మాత్రమే మోస్తుంది. అసలు బరువు బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే మీదుగా నేరుగా పోతుంది. గోడ మీద బొగ్గుతో బొమ్మ గీసి చెప్పాను. నాయిన ఆ బొమ్మను చాలాసేపు చూసి, "అంటే స్విచ్ ఉత్త మేస్త్రి. చెప్తది, మొయ్యదు. మోసెటోడు ఎనక వేరే ఉంటడు" అన్నాడు. తరగతిలో మాకు ఎవరూ రిలేను ఇంత బాగా చెప్పలేదు.

ఇలాంటి చిన్న స్విచ్ వల్ల ప్రపంచంలో ఎంత అనర్థం జరిగిందో నేను ఆ తర్వాత చదివాను. అమెరికాలో జనరల్ మోటార్స్ కంపెనీ 2014లో ఇగ్నిషన్ స్విచ్ లోపం వల్ల దాదాపు 26 లక్షల కార్లను వెనక్కి పిలిపించింది. స్విచ్ లోపల తాళంచెవిని ఒకచోట నిలబెట్టే చిన్న స్ప్రింగ్ బలం చాలలేదు. కుదుపుకో, గుత్తి బరువుకో తాళంచెవి దానంతటదే జారి ఇంజన్ ఆగిపోయేది. గుద్దుకున్నప్పుడు ఎయిర్ బ్యాగులు తెరుచుకునేవి కావు. పరిహారం చెల్లించిన లెక్క ప్రకారమే 124 మంది చనిపోయారు. ఆ లోపం గురించి కంపెనీ లోపలి ఇంజనీర్లలో కొందరికి పదేళ్ల ముందే తెలుసు. 2015లో కంపెనీ 90 కోట్ల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకుంది. స్విచ్ మార్చేదాకా గుత్తి తీసేసి ఒక్క తాళంచెవితోనే నడపమని కార్ల యజమానులకు చెప్పారు.

ఈ సంగతి ఫోన్‌లో చెబితే నాయిన వెంటనే తన గుత్తి తీసేశానన్నాడు. నేను తర్వాత ఇంటికి వెళ్లినప్పుడు ఆ గుత్తి గోడకు వేలాడుతోంది. ఇంటి తాళంచెవి, బీరువాది, తక్కెడ పెట్టెది, ఇంకా తుప్పు పట్టిన చిన్నది ఒకటి. అది నా హాస్టల్ ట్రంకు పెట్టెది. ఏడో తరగతిలో నేను తాళంచెవి పోగొట్టుకుంటే వార్డెన్ సారు తాళం పగలగొట్టించారు. కొత్త తాళం కొన్నప్పుడు, మళ్లీ పోగొడతానని రెండో తాళంచెవిని నాయిన తన దగ్గర పెట్టుకున్నాడు. పెట్టె ఎప్పుడో పోయింది. దాని బరువు మాత్రం ఇన్నాళ్లూ స్విచ్ మీద ఉంది.

అయితే కొత్త స్విచ్ బిగించిన సాయంత్రం జరిగింది చెప్పాలి. మూత బిగించి, బ్యాటరీ నెగటివ్ పెట్టి, నాయినను తిప్పమన్నాను. ఆయన అలవాటు ప్రకారం రెండు చేతులూ పెట్టాడు. అంత బలం అవసరం లేకపోయింది. రెండు వేళ్లతోనే తిరిగింది. ఇంజన్ ఒక్కసారికే అందుకుంది. నాయిన ఆపి మళ్లీ తిప్పాడు. మళ్లీ ఆపి మళ్లీ తిప్పాడు. అమ్మ గడపలో నిలబడి "పెట్రోల్ అయిపోతది" అంది గానీ నవ్వుతూనే ఉంది.

ఆ తర్వాత ఇద్దరం మర్రిగూడ దాకా ఒక చుట్టు తిరిగి వచ్చాం. హాస్టల్ గేటు ముందు నుంచి పోతుంటే నాకు ఆ ఆదివారం గుర్తొచ్చింది. "నాయినా, నేను తొమ్మిదిల ఉన్నప్పుడు నువ్వొచ్చినవ్. బండి స్టార్ట్ కాకపోతే పిల్లలు తోసిన్రు. యాదికుందా?" అన్నాను.

"ఎందుకు లేదు. అప్పుడు స్విచ్ కాదు, ఉత్త బ్యాటరీ వీకయింది. అందుకే తోస్తే అందుకున్నది" అన్నాడు.

"ఆ రోజు నేను..." అని ఆగిపోయాను.

"నీళ్ల ట్యాంకు ఎనక ఉన్నవ్ గద" అన్నాడు నాయిన, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా. "అద్దంల కనబడ్డవ్ బిడ్డా. చిన్న పోరనివి. పోనియ్."

నాకు మాట రాలేదు. తొమ్మిదేళ్లుగా ఆయనకు తెలుసు. ఆ తర్వాత కూడా ఎన్నో ఆదివారాలు వచ్చాడు. కారును మాత్రం గేటు దాకా తేలేదు. దూరంగా చెట్టు కింద ఆపి డబ్బా పట్టుకొని నడిచి వచ్చేవాడు. పెట్రోల్ ఆదా కోసమని అప్పట్లో నేను అనుకున్నాను.

తమ్ముళ్లూ, మన హాస్టల్‌లో ఉన్నవాళ్లందరి తల్లిదండ్రులూ ఏదో ఒక పని వచ్చినవాళ్లే. చెప్పు కుట్టేవాళ్లు, డప్పు కొట్టేవాళ్లు, బావి తవ్వేవాళ్లు, బండి నడిపేవాళ్లు. మనం చదువుకుంటున్న కొద్దీ వాళ్లను ఏమీ తెలియనివాళ్ల కింద లెక్కవేయడం మొదలుపెడతాం. నా మీటర్ అబద్ధం చెప్పలేదు, కానీ సగమే చెప్పింది. మిగతా సగం నాయిన బల్బు చెప్పింది. బల్బు ఎందుకు అలా వెలిగిందో మాత్రం చదువే చెప్పింది. రెండూ కావాలి. ఈ ఆదివారం మీ అమ్మానాయినలు వస్తే, తెచ్చింది తిని ఊరుకోకుండా వాళ్ల పని గురించి ఒక్క ప్రశ్న అడగండి. గేటు దాకా ఎదురెళ్లండి.

2016లో ఆ ఆదివారం బండి తోసిన మిత్రులారా! మీలో కొందరు ఉద్యోగాల్లో ఉన్నారు, కొందరు ఊళ్లోనే ఉన్నారు. ఈ సంచిక మీ చేతికి వస్తుందనే ఆశతో రాస్తున్నాను. ఆ కారాయన మా ఊరాయన కాదు. మా నాయన. మీరు తోసినందుకు ఆయన తరఫున, ఆ రోజు మీ పక్కన చేయి వేయని నా తరఫున మీ అందరికీ కృతజ్ఞతలు. వార్షికోత్సవానికి ఈసారి మేమిద్దరం ఆ కారులోనే వస్తున్నాం. గేటు లోపలికే తెస్తాం. తోయవలసిన పని ఉండదనుకుంటున్నాను. ఉంటే, మొదటి చేయి నాదే.

ఇట్లు,
మీ పాత విద్యార్థి,
ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం), ఉస్మానియా విశ్వవిద్యాలయం